ప్రతివాది పేరు

11 జూన్ 1956, మంగళగిరి

చేనేత బోర్డు ఆఫీసరు ఈవేళ మగ్గాలు చూడటానికి వచ్చాడు. మా ఇంట్లో రెండు మగ్గాలూ చూసి, మగ్గం మీది చీర నిజాం అంచు వేలితో తడిమి బాగుందన్నాడు. పడుగు సరిచేస్తూ మూల నిలబడ్డ నన్ను చూసి, "ఈవిడెవరండీ?" అని అడిగాడు.

మా ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "మా చుట్టాలావిడండి" అన్నారు.

ఇంతలో నాంచారమ్మ మజ్జిగ తెచ్చింది. "ఈమె నా భార్యండి" అన్నారు. ఆఫీసరు ఆమెకు నమస్కారం పెట్టాడు. నాంచారమ్మ నా వైపు చూసింది. నేను పడుగు వైపు చూశాను. ఒక దారం తెగి ఉంది. ముడి వేశాను.

ఊరికే ఆయన్ని ఆడిపోసుకోకూడదు. ఇద్దరు పెళ్ళాలు కూడదని కిందటేడు కొత్త చట్టం వచ్చింది. మాది అంతకు ముందు సంగతే అయినా, చేనేత సొసైటీలో డైరెక్టరుగా ఉన్న మనిషికి ఆఫీసరు ముందు ఇద్దరినీ నిలబెట్టాలంటే నామోషీ కాదూ? ఒకరిని తీసెయ్యాలి. పిల్లల తల్లిని తీసెయ్యలేరు. నాకు పిల్లలు లేరు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఈ డైరీ నూలు షావుకారు ఆయనకిచ్చాడు. పాల పద్దు రాయమని ఆయన నాకిచ్చారు. తర్వాత పాలు మానేశాం.

12 జూన్

చుట్టాలావిడ వండిన పులుసులో ఉప్పు ఎక్కువైందన్నారు.

24 జూన్

అన్నయ్య శ్రీమన్నారాయణ చిలకలూరిపేట నుంచి వచ్చాడు. జిన్నింగు మిల్లులో గుమాస్తా. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, చదివినదంతా ఎవరికో ఒకరికి చెప్పందే నిద్రపోడు. ఆఫీసరు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. మా అన్నయ్యకు అది అనారోగ్యం కింద లెక్క.

"ఏమే వెంకటేశ్వరమ్మా, నువ్వు విడాకులు తీసుకోవచ్చు తెలుసా?" అన్నాడు చివరికి. "ఆయనిచ్చేదేం లేదు. నువ్వే కోర్టుకెళ్ళి తీసుకోవచ్చు. చట్టంలో ఉంది."

"నాకెందుకు విడాకులు? నాకేం బాధ?"

"బాధ లేదూ? మరి చుట్టాలావిడవి ఇన్నేళ్ళు ఇక్కడెందుకున్నావే? చుట్టాలు నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు."

 లేచి వాడికి విస్తరి వేశాను.

2 జూలై

అన్నయ్యతో గుంటూరు వెళ్ళాను. చిన్నమ్మ కూతురికి పురుడని చెప్పి బయలుదేరాను. చిన్నమ్మకు కూతుళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు.

ప్లీడరు అనంతపద్మనాభం గారిది అరండల్‌పేట. పొలం గట్ల తగాదాలకు పేరున్న మనిషి. చిటికెడు నశ్యం పీల్చి, తుమ్ము కోసం కాసేపు ఎదురు చూసి, రాక నిరాశపడి, "చెప్పండమ్మా" అన్నారు. గుమాస్తా కలం తీశాడు.

నా పేరు, వయస్సు, ఊరు చెప్పాను. "భర్త పేరు?" అన్నాడు గుమాస్తా.

నేను తల వంచుకున్నాను. అన్నయ్య కిళ్ళీ ఉమ్మడానికి బయటికెళ్ళాడు.

"అమ్మా, భర్త పేరు."

"మా ఊరి కొండ మీది స్వామి పేరేనండి."

"నరసింహమా?"

"ఆ స్వామేనండి. ఆ పేరు కాదు."

గుమాస్తా రాసింది కొట్టేశాడు. ప్లీడరుగారు కుర్చీలో ముందుకు వంగారు. "అమ్మా, కేసు వేయడానికొచ్చారు. ఎవరి మీద వేస్తున్నారో చెప్పకపోతే ఎలా? ప్రతివాది పేరు పలకలేని వాదిని నా సర్వీసులో చూళ్ళేదు."

నేనేం చేసేది? పెళ్ళయినప్పటి నుంచీ స్వామి పేరే నోట పలకలేదు. నవమినాడు వీధిలో అందరూ తాగేదాన్ని కూడా నేను బెల్లం నీళ్ళనే అడుగుతాను. చివరికి అన్నయ్య వచ్చి చెప్పాడు. "ఇంతేనా!" అని గుమాస్తా రాసుకున్నాడు.

తర్వాత ప్లీడరుగారు అడగడం మొదలుపెట్టారు. కొడతాడా? రెండుసార్లు కొట్టారండి, అందరూ కొట్టినట్టే. తాగుతాడా? లేదండి. వదిలేసి పోయాడా? ఇంట్లోనే ఉన్నారండి. మతం మార్చుకున్నాడా? పిచ్చీ, కుష్టూ ఏమన్నా? అయ్యో, లేదండి. నేను లేదన్నప్పుడల్లా ప్లీడరుగారి ముఖం దిగులుగా అవుతోంది. మా ఆయన మంచివాడని చెప్పుకుంటూ పోతే నా కేసు పోయేట్టుంది.

"రెండో పెళ్ళి చేసుకున్నాడండి" అన్నాడు అన్నయ్య.

ప్లీడరుగారి ముఖం వికసించింది. "ఎప్పుడు?"

"సర్వజిత్తు మాఘంలోనండి" అన్నాను.

వేళ్ళ మీద లెక్కేశారు. "నలభై ఎనిమిది. ఇంకో ఏడాదాగి ఉంటే మద్రాసు చట్టం కింద ఆ పెళ్ళే చెల్లేది కాదు. భేష్. ఆ రెండో ఆవిడ బతికే ఉందా?"

"పొద్దున నాకు కాఫీ ఇచ్చిందండి."

"ఇంకేం కావాలి!" అన్నారు. కొత్త చట్టం రాకముందు మగవాడు రెండో పెళ్ళి చేసుకుని ఉంటే, ఆ ఒక్క కారణం మీదే భార్య విడాకులడగవచ్చట. కొట్టాడనీ తిట్టాడనీ రుజువు చేయనక్కర్లేదట. కాని కేసు దాఖలు చేసేనాటికి ఇంకో భార్య ప్రాణాలతో ఉండి తీరాలట. "కాబట్టి అమ్మా, దాఖలయ్యేదాకా ఆవిడ ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

3 జూలై

నిన్న ప్లీడరుగారిని అడిగినవి మర్చిపోకముందే రాసుకుంటున్నాను. కులపెద్దల చేత కాగితం రాయించుకుంటే చాలదా అన్నాను. మీ వాళ్ళలో ఆచారం ఉంటే అదీ చెల్లుతుంది, పెద్దలు సంతకం పెడతారా అన్నారు. పెద్దలంతా సొసైటీలో ఉన్నారు. ఆయనా అందులోనే ఉన్నారు. ఆ దారి మూసుకుపోయింది. ఇల్లు వదిలి రావాలా అంటే, ఈ కారణానికి అక్కర్లేదు గాని వేరే ఉంటేనే మంచిదన్నారు. ఒకే ఇంట్లో ఉండి కేసు నడిపితే మొగుడూ పెళ్ళాం కుమ్మక్కయ్యారని జడ్జీగారు అనుమానిస్తారట.

తీర్పయ్యాక ఏడాది దాకా మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదని కూడా చెప్పారు. నేను అడగలేదు. "అందరూ మొహమాటపడి చివర్న అడుగుతారమ్మా. అందుకని ముందే చెప్పేస్తాను" అన్నారు.

తనకు అబద్ధం చెప్పనని, తను వద్దన్న మాట కోర్టులో అననని, వీధిలో ఎవరితోనూ నోరు విప్పనని నా చేత మూడు ఒట్లు వేయించుకున్నారు. పెళ్ళిలో కూడా నా చేత ఇన్ని ఒట్లు వేయించలేదు.

15 జూలై

నాంచారమ్మకు జ్వరం. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. పిల్లలిద్దరినీ నా పక్కలో పడుకోబెట్టుకున్నాను. అర్ధరాత్రి లేచి నుదురు తడిమి చూశాను.

కేసు కోసమే.

19 జూలై

కేసు కాగితాల మీద సంతకం పెట్టాను. నాంచారమ్మకు జ్వరం తగ్గింది.

మీ ఆయన ఎలాంటి మనిషని ప్లీడరుగారు అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. పనిమంతుడండి అన్నాను. ఒకసారి బెజవాడ వ్యాపారి ఒకడు ఆయన నేసిన చీర చూసి "మిల్లుదా?" అన్నాడని, ఆ పూట ఆయన అన్నం ముట్టలేదని, ఆ వ్యాపారి తర్వాత కాళ్ళావేళ్ళా పడినా ఒక్క చీర అమ్మలేదని చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పినట్టున్నాను. ప్లీడరుగారు నశ్యం పీల్చారు. ఈసారి తుమ్ము వచ్చింది.

9 ఆగస్టు

కోర్టు బంట్రోతు వచ్చి సమన్లు ఇచ్చి పోయాడు. ఆయన గుమ్మంలోనే చదివారు.

"వాది వెంకటేశ్వరమ్మ అని ఉంది. ఎవరే?"

"నేనేనండి."

"నువ్వా?"

"అవునండి."

కాసేపు కాగితం తిరగేసి, బోర్లేసి చూశారు. "అన్నం పెట్టు" అన్నారు. పెట్టాను. మారు వడ్డించమన్నారు. చెయ్యి కడుక్కున్నాక గుర్తొచ్చింది కాబోలు, అరిచారు. "ఇంట్లో తింటా ఇంటాయన మీదే కేసేస్తావంటే? వీధిలో నన్ను తలెత్తుకు తిరగనీయవా?"

"చుట్టాలావిడ వేసిన కేసుకు మీకేం నామోషీ అండీ" అన్నాను.

చేతిలో చెంబు గోడకేసి కొట్టారు. తర్వాత మగ్గం మీద కూర్చున్నారు. సాయంత్రం దాకా నాడె చప్పుడు తడబడుతూనే ఉంది. వంటింట్లోంచి వింటుంటే తెలుస్తూనే ఉంది.

నాంచారమ్మ పొయ్యి దగ్గరికొచ్చింది. "నన్ను గెంటించడానికా అక్కా?"

"నిన్ను కాదే. నన్ను."

అర్థం కానట్టు చూసింది. నాకు మాత్రం అర్థమైందా అంటే చెప్పలేను.

10 ఆగస్టు

పేరమ్మగారి వసారాలోకి మారాను. మా ఇంటికి మూడో ఇల్లు. ముసలావిడ ఒక్కతే ఉంటుంది. మూడిళ్ళ మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెట్టడానికి ఒప్పుకున్నాను. నా పొట్ట గడుస్తుంది. మా అమ్మ పెళ్ళికిచ్చిన రాట్నం మాత్రం ఆయన ఇవ్వనన్నారు. పేరమ్మగారి రాట్నం కిర్రుమంటుంది. నిద్ర పట్టదు. రాట్నం వల్లే.

1 నవంబరు

మా కేసు ఈవేళ. గుంటూరు వెళితే కోర్టుకు సెలవు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందట. అందరూ సంతోషంగా ఉన్నారు. రెండు రాష్ట్రాలు కలిసిన రోజున నేను విడిపోవడం బాగుండదు. వాయిదా.

22 నవంబరు

రాజీ ప్రయత్నం చేయడం జడ్జీగారి విధి అట. ఇద్దరినీ తన గదిలోకి పిలిచారు. పెద్దాయన. గొంతు మెత్తన.

"ఏం చేస్తే తిరిగి కాపురానికి వెళతావమ్మా?" అని అడిగారు.

చీర కావాలనో నగ కావాలనో అంటానని ఎదురు చూసినట్టున్నారు. "ఆ ఆఫీసరుగారిని మళ్ళీ పిలిపించండి. నేనెవర్నో ఈయన్ని చెప్పమనండి. ఈ పూటే వెళ్ళిపోతాను" అన్నాను.

నిజంగానే అన్నాను. వెళ్ళిపోయేదాన్ని.

జడ్జీగారు ఆయన వైపు చూశారు. ఆయన తలపాగా తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "సొసైటీ పరువుకు సంబంధించిన ఇదండి. కుదరదండి" అన్నారు.

జడ్జీగారు నిట్టూర్చి ఏదో రాసుకున్నారు.

బయట బస్టాండు దగ్గర మిరప బస్తాల బళ్ళు పోతున్నాయి. గుంటూరులో ఉన్న సుఖం అదొక్కటి. రోడ్డు మీద కళ్ళు తుడుచుకుంటున్నా ఎవరూ ఏమని అడగరు.

14 డిసెంబరు

ఆయన తరఫు జవాబు కోర్టులో పడింది. కుర్ర ప్లీడరెవరో రాశాడు. మా ప్లీడరుగారు నాకు చదివి వినిపించారు. ప్రతివాదికి వాది ఒక్కతే ధర్మపత్నియట. నాంచారమ్మ అనే స్త్రీతో ఏనాడూ వివాహం జరగలేదట. ఇంటి పనుల నిమిత్తం వచ్చి ఉండిపోయిందట.

జూన్‌లో నేను చుట్టాన్ని. డిసెంబరులో ధర్మపత్నిని.

"తెలివైన ఎత్తేనమ్మా" అన్నారు ప్లీడరుగారు. "రెండో పెళ్ళే లేకపోతే మన కేసే లేదు. ఆవిడతో పెళ్ళి జరిగిందని, తంతుతో సహా, రుజువు చేయాల్సిన భారం మన మీదే పడింది."

అంటే నేను బయటపడాలంటే నాంచారమ్మను ఆయనకు పెళ్ళాంగా నిలబెట్టాలి. ఓడిపోతే నేను పెళ్ళాన్ని, ఆమె పనిమనిషి. ఆమె పిల్లలేమవుతారో రాయడానికి చెయ్యి రావడం లేదు.

సాయంత్రం నాంచారమ్మ కండెలు చుట్టడానికి నూలు చిలపలు ఇవ్వడానికి వచ్చింది. కోర్టులో ఏమైందక్కా అంది. ఏదో కాగితం చదివారన్నాను. "ఆయనా అదే అన్నారు. కాగితం మీది మాటలకేముందిలే అన్నారు" అంది.

చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. అయినా నాకెందుకు?

20 జనవరి 1957

సాక్షుల కోసం తిరిగాం, నేనూ అన్నయ్యా. పెళ్ళి చేయించిన పంతులుగారు పోయి నాలుగేళ్ళు. వీధి వీధంతా ఆ పెళ్ళికొచ్చింది. ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆయన సొసైటీ డైరెక్టరు, నూలు కోటా ఆయన చేతిలో ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

వీధి చివరి చెంచయ్య గారు మాత్రం దాపరికం లేకుండా చెప్పారు. "పెళ్ళికొచ్చిన మాట నిజమేనమ్మా. బూరెలు బాగున్నాయి. ఎవరి పెళ్ళో నేనడగలా."

పేరమ్మగారు తనకప్పటికే కంటి పొర అంది. కంటి పొర వచ్చింది మొన్న దసరాకు. అద్దె లేకుండా వసారా ఇచ్చిన మనిషిని ఏమంటాం.

18 ఫిబ్రవరి

నన్ను బోనెక్కించారు. మా ప్లీడరుగారు అడిగారు. పెళ్ళి జరిగిందని మీకెలా తెలుసు?

"మధుపర్కం నేనే నేశానండి" అన్నాను.

కోర్టులో గుసగుసలు బయలుదేరాయి. ఇంతకాలం ఇక్కడ కూడా రాయని సంగతి అక్కడ చెప్పాను. మా ఇళ్ళలో మధుపర్కం బజారులో కొనరు. వరుడి ఇంటి మగ్గం మీదే నేస్తారు. పెళ్ళికొడుకు నేయకూడదు, తండ్రో అన్నదమ్ములో నేస్తారు. మా మామగారు అప్పటికే పోయారు. మా ఆయనకు తోడబుట్టినవాళ్ళు లేరు. పక్కింటివాళ్ళ చేత నేయిస్తే నాలుగు తరాల మగ్గానికి తలవంపులని ఆయన రెండు రోజులు అన్నం మానేశారు. ఆడవాళ్ళం కండెలు చుడతాం, పడుగు చేస్తాం గాని నేసేవాళ్ళు కూర్చునే మగ్గం గుంటలో దిగం. నేను దిగాను. చిన్నప్పుడు మా నాన్న ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నాను. ఆడది గుంటలో దిగిందని వీధిలో వాళ్ళంతా వచ్చి కిటికీలోంచి చూశారు.

కుర్ర ప్లీడరు లేచాడు. "మొగుడి రెండో పెళ్ళికి ఏ ఆడదైనా తన చేత్తో మధుపర్కం నేస్తుందామ్మా?"

"నేయకపోతే బయటినుంచి తెచ్చేవారండి. ఇంటి పరువు పోయేది."

అందరూ నవ్వారు. జడ్జీగారు నవ్వలేదు.

నేస్తుంటే నీకెలా ఉందని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నాడె విసిరినప్పుడల్లా చచ్చిపోవాలనిపించింది. అయినా ఒక్క దారం తప్పు పోలేదు.

5 మార్చి

ఆయన్ని బోనెక్కించారు. కోరా చొక్కా, కొత్త తలపాగా. కుర్ర ప్లీడరు అడిగినవాటికి అప్పజెప్పినట్టు జవాబులు చెప్పారు. నాంచారమ్మ ఎవరు? ఇంటి పనికొచ్చిన మనిషండి. ఆమెను పెళ్ళి చేసుకున్నారా? లేదండి.

నేను తలుపు వైపు చూశాను. అక్కడ నాంచారమ్మ నిలబడి ఉంది. చేతిలో అన్నం కారియరు. పొద్దున ఆయన మర్చిపోయి వచ్చినట్టున్నారు. నేనుండగా ఎప్పుడూ మర్చిపోలేదు. ఆమె ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. కదలలేదు.

అనంతపద్మనాభం గారు లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"వాది మధుపర్కం నేశానంటోంది. నిజమేనా?"

"అబద్ధమండి."

"నాకూ అబద్ధమే అనిపిస్తోందయ్యా. ఆడమనిషి మగ్గం మీద కూర్చోవడమేమిటి, నేయడమేమిటి! నువ్వు బజార్లో మిల్లు బట్ట ఏదో చవకలో కొని ఉంటావు. దాన్ని పట్టుకుని ఈవిడ గొప్పలు పోతోంది."

ఆయన బోను కమ్మీ పట్టుకున్నారు.

"అంచు వంకర పోయిందట. ఒక్క ఉతుకుకే పీలికలైందట. మిల్లు బట్టే కదూ?"

"ఎవడన్నాడండీ?" కోర్టు గది దద్దరిల్లింది. "మిల్లు బట్టా? మా గడపలోకా? నాలుగు తరాల మగ్గమండీ మాది! ఇదుగో, ఈమే నేసింది, వీధి వీధంతా చూసింది! అంచు వంకరంటారా? చీమ నడిచినట్టు నడిచిందండి అంచు. నేను కూర్చున్నా అంత నునుపు రాదు. ఇప్పటికీ మా పెట్టెలో ఉంది, తెప్పించి చూస్కోండి!"

"చూడక్కర్లేదయ్యా, నమ్ముతున్నాను. అయితే ఇంత పనివాడివి నువ్వుండగా ఈవిడ చేత నేయించావెందుకూ?"

"పెళ్ళికొడుకు తన మధుపర్కం తాను నేస్తాడంటండీ? ఆమాత్రం తెలియదా మీకు?"

  లేవబోయిన కుర్ర ప్లీడరు మళ్ళీ కూర్చున్నాడు. జడ్జీగారు తలెత్తి, "ఎవరయ్యా పెళ్ళికొడుకు?" అని మెల్లిగా అడిగారు.

ఆయన అప్పుడు తలుపు వైపు చూశారు.

నేను జూలైలో ఊరికే చెప్పిన మిల్లు చీర మాట ప్లీడరుగారు ఇన్నాళ్ళూ దాచి ఉంచారు. గెలిచినట్టే అమ్మా అన్నారు. సంతోషం కలగాల్సింది. నాకు మాత్రం ఆయన అన్న మాటే చెవుల్లో ఉంది. నేను కూర్చున్నా అంత నునుపు రాదు. పద్దెనిమిదేళ్ళలో నా పని బాగుందని ఆయన అనడం ఇదే మొదటిసారి. అది కూడా కోర్టువారు రాసుకున్నారు. మిరపకాయల సీజను. కళ్ళు మండుతూనే ఉన్నాయి.

మంగళగిరికి అందరం ఒకే బస్సులో వచ్చాం. ఆయన ముందు కూర్చున్నారు. నాంచారమ్మ నా పక్కన కూర్చుంది. కారియరు ఆమె ఒళ్ళోనే ఉంది. తెరవలేదు. కాజ ఊరు దాటాక నోరు విప్పింది.

"బట్టను మిల్లు బట్ట అంటే పడలేకపోయారక్కా ఆయన. నన్ను మాత్రం పనిమనిషని ఆయనే అన్నారు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. దీన్ని కేసు కోసమని రాసుకోవడానికి లేదు. కేసు అయిపోయింది.

6 మార్చి

డిసెంబరులోనే చెప్పి ఉండాల్సింది. నాకెందుకు అనుకున్నాను. తప్పే.

12 ఏప్రిల్

తీర్పు. సర్వజిత్తు మాఘంలో ప్రతివాదికి నాంచారమ్మతో శాస్త్రోక్తంగా వివాహం జరిగిందని రుజువైంది. వాదికి విడాకులు మంజూరు చేశారు. ఆమె రాట్నం ఆమెకు ఇచ్చేయాలి.

నాకేం బాధ లేదని రాద్దామని కూర్చున్నాను. ఉంది. కొండంత ఉంది. అయినా రాట్నం ఇంటికొచ్చాక హాయిగా నిద్ర పట్టింది.

22 ఏప్రిల్

పొద్దున్నే నాంచారమ్మ పిల్లల్నిద్దర్నీ తీసుకుని పేరమ్మగారి వసారాలోకి వచ్చింది. పెట్టె కూడా తెచ్చింది. తీర్పు వచ్చినప్పటి నుంచి అతను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. సొసైటీలో కూడా అందరూ ఎవరయ్యా పెళ్ళికొడుకు అంటున్నారట.

"అక్కా, ఆ ప్లీడరుగారింటికి నన్ను తీసుకెళ్తావా?" అంది.

"ఎందుకే?"

"నువ్వు దేనికెళ్ళావో దానికే."

బాగా ఆలోచించుకోమన్నాను. పిల్లల్ని చూపించాను. "వీళ్ళ కోసమే అక్కా. వీళ్ళకు తల్లెవరో రేపు ఇంకెవరైనా అడిగితే ఆయనేం చెబుతారో నాకు తెలీదు" అంది. ఇంకేమీ అడగలేదు. పేరమ్మగారు పిల్లల్ని చూస్తానంది. ఆవిడ కళ్ళు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నట్టున్నాయి.

ప్లీడరుగారు మమ్మల్నిద్దర్నీ చూసి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. రెండో ఆవిడకు కూడా ఈ చట్టం పనికొస్తుందా అని నేనే అడిగాను.

"పనికొస్తుందమ్మా. ఈమె పెళ్ళినాటికి మొదటి భార్య ఉంది. పెళ్ళి జరిగిందని కోర్టే తేల్చింది, మనం మళ్ళీ తంటాలు పడక్కర్లేదు. కాని ఆ మొదటి భార్య ఇప్పుడు బతికుండాలి."

"ఉన్నానండి" అన్నాను.

"కుర్ర ప్లీడరు ఊరుకోడు. ఆవిడకు విడాకులైపోయాయి, ఇంకా భార్య ఎలా అవుతుందంటాడు." ఆలోచిస్తూ నశ్యం తీసుకున్నారు. "అననివ్వండి. చట్టం మీరు బతికున్నారా అనే అడిగింది గాని కాపురంలో ఉన్నారా అని అడగలేదు. వాదిద్దాం. అప్పటిదాకా మీ ఆరోగ్యం జాగ్రత్తమ్మా."

ఈసారి కూడా నవ్వలేదు.

గుమాస్తా కలం తీశాడు. నాంచారమ్మ తన పేరు చెప్పింది. వయస్సు చెప్పింది. ఊరు చెప్పింది.

"భర్త పేరు?"

నాంచారమ్మ తల వంచుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంది. గుమాస్తా కలం పట్టుకుని పైకప్పు వైపు చూశాడు. "మళ్ళీనా" అన్నాడు ప్లీడరుగారితో.

నాంచారమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. గది బయట అన్నయ్య లేడు. ఈసారి వాడిని వెంట తీసుకురాలేదు.

"పానకాలు" అన్నాను.

గట్టిగానే అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు.